‘నాకేం కాదు’ అన్న సంఘ పెద్ద: ఉద్దానం నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ఊరిది. కవిటి, సోంపేట వైపు కొబ్బరి తోటల మధ్య ఉన్న ఊళ్లలో ఒకటి. ఆ కుటుంబం చదివి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. నేను పాస్టర్ని, సంఘ సేవతో పాటు కౌన్సెలింగ్ చేస్తాను. డాక్టర్ని కాను. వైద్యం గురించి ఇక్కడ రాసింది డాక్టర్లు ఆ కుటుంబానికి చెబుతుంటే పక్కన కూర్చుని విన్నది, ఈ ప్రాంతంలో ఉంటూ నేర్చుకున్నది. భయంతో ఉన్న ఇంటికి ప్రార్థనకు వెళ్లే పాస్టర్లు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజం అక్కలు దీన్ని చదవాలని నా ఆశ.

వచ్చిన సమస్య

ఆయనకు 46 ఏళ్లు. కొబ్బరి, జీడి కలిసిన కొద్దిపాటి తోట ఉంది. అది చాలక కూలికి కూడా వెళ్తాడు. సంఘంలో పెద్ద. ఆదివారం ఆయన ప్రార్థన ఎత్తుకుంటే మందిరమంతా ఆమెన్ అంటుంది. ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా ముందు ఆ గడప తొక్కేది ఆయనే. ‘భయపడకండి’ అని చెప్పడం ఆయన బాధ్యత అన్నట్టు అందరూ చూసేవాళ్లు.

నా దగ్గరికి మొదట వచ్చింది ఆయన కాదు, ఆయన భార్య.

“అయ్యగారూ, మా ఆయన రాత్రిళ్లు పడుకోట్లేదు. మూడింటికి లేచి పెరట్లో తిరుగుతాడు. ఏటయిందని అడిగితే ప్రార్థన చేస్తన్నానంటాడు. ప్రార్థన చేసే మనిషి చేతులు అలా వణుకుతాయేటి?”

మిగతాది మెల్లగా చెప్పింది. మామగారు కిడ్నీ జబ్బుతోనే పోయారు. రెండేళ్ల క్రితం బావగారు డయాలసిస్ మీద ఉంటూ పోయారు. ఆ తర్వాత ఊరి బడిలో వైద్య శిబిరం పెడితే ఈయన తెల్లవారకముందే తోటకు వెళ్లిపోయి చీకటి పడ్డాక వచ్చాడు. ఈ మధ్య తొందరగా అలసిపోతున్నాడు. ఒళ్లు నొప్పులకని మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని వేసుకుంటున్నాడు. ఒక్క రక్త పరీక్ష చేయించుకోమంటే, “నాకేం కాదు. దేవుడున్నాడు. పరీక్షకెళ్తే నమ్మనట్టే” అంటున్నాడు.

ఆ ఊళ్లో భయం ఎలా ఉంటుంది

బయటివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు చాలా ఏళ్లుగా ఉంది. షుగర్ గాని, బీపీ గాని లేని కూలీలకూ రైతులకూ వస్తుంది. తాగే నీళ్లు, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడం, నొప్పి బిళ్లలు, వంశపారంపర్యం అని అనేక కారణాల మీద పరిశోధనలు జరిగాయి. ఇదే అసలు కారణం అని ఇప్పటికీ తేలలేదు. పైగా మొదట్లో ఏ లక్షణమూ కనిపించదు. ఒంట్లో బాగానే ఉంటుంది, లోపల కిడ్నీ దెబ్బతింటూ ఉంటుంది.

కారణం తెలియని జబ్బుకు భయపడడం వేరుగా ఉంటుంది. పాము ఎక్కడుందో తెలిస్తే పక్కకు తప్పుకోవచ్చు. ఇక్కడ బావిలో నీళ్లు తోడినప్పుడూ, ఎండలో కాయ దింపినప్పుడూ, కాళ్లు కొంచెం బరువెక్కినప్పుడూ అనుమానమే. దానికి తోడు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను పడగొట్టేసింది. ఈ కుటుంబానికి కాపుకొచ్చిన కొబ్బరి చెట్లు చాలా పోయాయి. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలోనే ఆయన ఎండ కూలికి ఎక్కువగా వెళ్లాడు, నొప్పి బిళ్లలు అలవాటయ్యాయి. జబ్బు, అప్పు, తుపాను ఆ ఇంట్లో ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ‘భయపడకు’ అని ఒక్క వచనం చెప్పి లేచి వచ్చేస్తే వాటిలో ఏదీ కదలదు.

మొదటి మాటలు

ఆయన్ను నా గదికి పిలవలేదు. పిలిస్తే సంఘ పెద్దగా వస్తాడు, సంఘ పెద్దగానే మాట్లాడతాడు. తోటకు వెళ్లి, ఆయన చేస్తున్న పనిలో చెయ్యి వేసి, పక్కన కూర్చున్నాను. మొదట వాక్యం ఎత్తలేదు. అన్నయ్య గురించి అడిగాను.

అన్న గురించి ఆయన చాలాసేపు చెప్పాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద. ఇంటికొచ్చాక మంచం దిగే ఓపిక ఉండేది కాదు. దాహమేస్తే గుక్క గుక్క లెక్కపెట్టుకుని తాగాల్సి వచ్చేది. “నానే తీసుకెళ్లేవాణ్ణి అయ్యగారూ. బస్సులో నా భుజం మీద తలపెట్టి పడుకునీవోడు.” ఇది చెప్పాక ఆగిపోయాడు. అన్న సమాధి దగ్గర సాక్ష్యం చెప్పింది ఈయనే. మూడో రోజు నుంచి మళ్లీ ఇంటింటి ప్రార్థనలకు వెళ్లింది కూడా ఈయనే. ఆయన ఏడవడానికి ఎవరూ చోటివ్వలేదు.

ఆందోళన ఎంతుందో చూడటానికి జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల చిన్న పత్రం వాడతాను. మొత్తం 21లో 10 గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే డాక్టరుతో మాట్లాడించాల్సిన స్థాయి అనుకోవాలి. ఆయనకు 15 వచ్చింది. చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని నేరుగానే అడిగాను. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని పాస్టర్లు చాలామంది వెనకాడతారు. అలా పుట్టదు. అడగకపోతేనే మనిషి లోపల ఒంటరిగా మిగిలిపోతాడు. ఆయన జవాబు నాకు అక్షరం అక్షరం గుర్తుంది: “చావాలని లేదయ్యగారూ. అన్నలాగ చావకూడదని ఉంది.”

మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ ఫోన్ నంబరు 14416 భార్యాభర్తలిద్దరి ఫోన్లలో సేవ్ చేయించాను. ఏ గంటకైనా తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. ఆందోళన ఉన్న ఏ ఇంట్లోనైనా నేను ముందు చేసే పని ఇదే.

వాక్యంతో చేసిన పని

ఆయన్ను పట్టి ఉంచింది ఒక వచనం. దేవుడు మనకు పిరికితనంగల ఆత్మను ఇవ్వలేదని పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో ఉంది. దాన్ని ఆయన ఇలా అర్థం చేసుకున్నాడు: నాకు భయం వేస్తోందంటే నాలో ఉన్నది దేవుని ఆత్మ కాదు. అందుకని భయం వేసిన ప్రతి రాత్రీ రెండు భయాలు. ఒకటి కిడ్నీ గురించి, రెండోది రక్షణ గురించి. రెండోదే ఎక్కువ బాధపెడుతోందని నాకు అనిపించింది.

నేను వాదించలేదు. అదే పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయం మూడో వచనం పైకి చదవమన్నాను. బలహీనతతో, భయంతో, ఎంతో వణుకుతో మీ దగ్గర ఉన్నానని పౌలే రాసుకున్నాడు. ఆయన రెండుసార్లు చదివాడు. తర్వాత మార్కు 14లో, యేసు పట్టుబడే ముందు ప్రార్థించిన గెత్సేమనే భాగం చదివాం. ప్రభువు కలవరపడ్డాడని, ప్రాణం పోయేంత దుఃఖంలో ఉన్నానని శిష్యులతో చెప్పాడని అక్కడ ఉంది. ఇక్కడే ఉండి మెలకువగా ఉండండి అని అడిగాడు కూడా. ‘మీరు ఎవరినైనా అలా అడిగారా?’ అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

56వ కీర్తనతో ఎక్కువ రోజులు గడిపాం. గాతులో ఫిలిష్తీయుల చేతికి చిక్కినప్పుడు దావీదు చేసిన ప్రార్థన అది. అదే సమయంలో గాతు రాజు ఆకీషుకు దావీదు బహుగా భయపడ్డాడని మొదటి సమూయేలు 21లో ఉంది. గొల్యాతును పడగొట్టిన మనిషే, గొల్యాతు సొంత ఊళ్లో వణికాడు. భయం వేసిన రోజున నిన్ను ఆశ్రయిస్తున్నాను అని ఆ కీర్తనలో అంటాడు. భయం పోయాక ఆశ్రయిస్తానని అనడు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చినప్పుడు ఈ ఒక్క మాటను రెండు ముక్కలు చేసి, ఊపిరి లోపలికి తీసుకుంటూ మొదటి ముక్క, మెల్లగా వదులుతూ రెండో ముక్క పలకమన్నాను. ఊపిరి నెమ్మదించడం వల్ల ఒంటికి కలిగే మేలు ఉంది, దేవునితో నిజం చెప్పడం వల్ల కలిగే మేలు ఉంది. రెండింటిలో దేన్నీ తక్కువ చేయను.

అసలు మలుపు దానియేలు మూడో అధ్యాయంతో వచ్చింది. ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో, మా దేవుడు మమ్మల్ని రక్షించగలడు అని ముగ్గురు యువకులు అన్నారు. వెంటనే, ఒకవేళ రక్షింపకపోయినా సరే నీ ప్రతిమకు మొక్కం అన్నారు. ఆ రెండో మాట మన సభల్లో అరుదుగా వినిపిస్తుంది. ఆయనతో ఇలా అన్నాను: “తమ్ముడూ, నాకు కిడ్నీ జబ్బు లేదు అనేది నీ ఒంటి గురించి నువ్వు వేసుకున్న లెక్క. అది తప్పు కావచ్చు, ఒప్పు కావచ్చు. జబ్బున్నా లేకపోయినా నేను ఆయనవాణ్ణే అనేది విశ్వాసం. నువ్వు ఇన్నాళ్లూ మొదటిదాన్ని కాపాడుకోడానికి రెండోదాన్ని వాడుతున్నావు.”

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అసలు విషయం బయటికొచ్చింది.

అసలు భయం

కూతురికి సంబంధం కుదిరే దశలో ఉంది. ఆ ఇంట్లో తాత పోయాడు, పెదనాన్న పోయాడు. ఇప్పుడు తండ్రికి కూడా ఉందని తెలిస్తే సంబంధం తప్పిపోతుంది. “గుంట పెళ్లయ్యీవరకు తెలీకుంటే చాలు. తరవాత నాకేటయినా పర్లేదు.”

చావు భయమని నేననుకున్న చోట తండ్రి ప్రేమ ఉంది. ఉద్దానంలో ఇది ఆయన ఒక్కడి కథ కాదు. పరీక్షలకు రానివాళ్లను మొండివాళ్లు, తెలివిలేనివాళ్లు అనుకునే ఉద్యోగులకూ పాస్టర్లకూ ఇది చెప్పాలనిపిస్తుంది: ముందు వాళ్ల ఇంట్లో పెళ్లికి ఎవరున్నారో కనుక్కోండి.

రెండో అడ్డు బయటి నుంచి వచ్చింది. అంతకుముందు సంవత్సరం ఆ ప్రాంతంలో జరిగిన స్వస్థత సభలో ఒక ప్రసంగీకుడు, ఆస్పత్రికి పరుగెత్తేవాళ్లు రెండు మనసులవాళ్లు అని చెప్పి వెళ్లాడట. ఆ మాట విని బిళ్లలు మానేసినవాళ్లు ఊళ్లో ఉన్నారు. దేవుడు స్వస్థపరుస్తాడని నేనూ నమ్ముతాను, రోగుల తలమీద చెయ్యి వేసి ప్రార్థిస్తాను. కానీ మందు మానేయమని చెప్పి, బస్సెక్కి వెళ్లిపోయి, ఆ మనిషి సమాధికి రాని బోధను నేను ఒప్పుకోను. యెషయా 38లో జబ్బుపడిన రాజు హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు ఇచ్చాడు, అదే అధ్యాయంలో ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద వేయమన్నాడు. ప్రార్థన, మందు ఒకే ఇంట్లో ఉన్నాయి.

ఈ విషయంలో నాకన్నా ఆయన తల్లి బాగా మాట్లాడింది. ఈ జిల్లాలో బాప్టిస్టు సంఘాలు చాలావరకు కెనడా మిషనరీల కాలం నుంచి ఉన్నవి. సువార్త, ఆస్పత్రి ఇక్కడికి కలిసే వచ్చాయి. సోంపేట మిషన్ ఆస్పత్రిలో బెన్ గల్లిసన్ అనే కెనడా డాక్టరు పేదల కళ్లకు ఆపరేషన్లు చేసేవారు. ఆ పనికి సాయంగానే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలైంది. ఆ ముసలమ్మ కొడుకుతో అంది: “మీ తాతకి కళ్లు తెప్పించింది సోంపేట ఆస్పత్రి. ఆ మంచం కాడే ఏసుని నమ్ముకున్నాడు. ఇప్పుడు నువ్వు ఆస్పత్రికెళ్తే దేవుడు కోప్పడతాడేటిరా?”

పరీక్ష రోజు

ఒంటరిగా పంపించలేదు. గెత్సేమనేలో ప్రభువు ముగ్గురిని వెంట తీసుకెళ్లాడు కదా అని, ఆయన్నే ముగ్గురిని ఎంచుకోమన్నాను. భార్యను, చిన్ననాటి స్నేహితుణ్ణి, నన్ను ఎంచుకున్నాడు. ఆ స్నేహితుడు హిందువు. అతను తన పరీక్ష కూడా చేయించుకుంటానని వచ్చాడు.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అంతకుముందు పెద్ద డాక్టరు కావాలంటే విశాఖపట్నం వెళ్లాల్సిన ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు. రక్తం, మూత్రం ఇచ్చి బల్ల మీద కూర్చున్నాం. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. చల్లగా ఉంది. ఎవరం గట్టిగా ప్రార్థించలేదు.

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే పెరిగే వ్యర్థం) 2.1 ఉంది. మగవాళ్లకు మామూలుగా 1.3 లోపు ఉండాలి. కిడ్నీ పనితీరు చూపే అంకె (ఈజీఎఫ్ఆర్) 40 కన్నా కొంచెం తక్కువ, అంటే ఐదు దశల్లో మూడోది. మూడు నెలల తర్వాత మళ్లీ చేస్తేనే ఇది దీర్ఘకాలిక జబ్బని ఖాయంగా చెప్పగలమని డాక్టరు అన్నారు. డయాలసిస్ మాట ఇప్పుడు లేదు. బీపీ కొంచెం ఎక్కువగా ఉంది, దానికి బిళ్ల రాశారు. నొప్పి బిళ్లలు ఈ రోజు నుంచే బంద్. మిట్ట మధ్యాహ్నం ఎండలో పని వద్దు, పనిచేసేటప్పుడు నీళ్లు దగ్గర పెట్టుకోవాలి, ఉప్పు తగ్గించాలి, పసరు మందుల జోలికి పోకూడదు. ఐదో దశలో తెలిసిన అన్నకూ, మూడో దశలో తెలిసిన తమ్ముడికీ మధ్య ఎంత తేడా ఉందో ఆ డాక్టరు ఓపిగ్గా కాగితం మీద గీసి చూపించారు. ఆ కాగితం ఇప్పటికీ ఆయన బైబిల్లో ఉంది.

స్నేహితుడి రిపోర్టు మామూలుగా వచ్చింది. దానికి మన పెద్దాయన సంతోషపడిన తీరు చూసి, ఈ మనిషి లోపల విశ్వాసం ఎండిపోలేదని నాకు ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత

నిజం తెలిశాక భయం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. మొదటి కొన్ని వారాలు పెరిగింది. ఒక రాత్రి గుండె దడ, చెమటలు. ఆస్పత్రికి తీసుకెళితే ఈసీజీ బాగానే ఉంది, అది ఆందోళన వల్ల వచ్చిన పానిక్ అన్నారు. మానసిక వైద్యుడికి చూపించాం. కిడ్నీ సంగతి ఆయనకు ముందే చెప్పి, దానికి సరిపడే మందు తక్కువ మోతాదులో రాయించుకున్నాం. కిడ్నీ జబ్బున్న మనిషి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా రిపోర్టు చేత్తో పట్టుకుని వెళ్లాలి. దీన్ని సంఘంలో పదే పదే చెబుతున్నాను.

కూతురి విషయం ఆయనే తేల్చాడు. దాచిపెట్టి పెళ్లి చేస్తే ఆ ఇంట్లో నా బిడ్డ ఏ మొహంతో బతుకుతుంది అన్నాడు. అబ్బాయి తండ్రి దగ్గరికి స్వయంగా వెళ్లి చెప్పాడు. నేను తోడు వస్తానన్నా వద్దన్నాడు. ఈ కేసు మొత్తంలో నేను చూసిన పెద్ద ధైర్యం అదే. ఆ మాట చెప్పడానికి వెళ్లేటప్పుడు ఆయన భయపడుతూనే వెళ్లాడు. వాళ్లు వెంటనే ఏమీ చెప్పలేదు. కొన్నాళ్లకు, అమ్మాయికి కూడా పరీక్ష చేయిస్తారా అని కబురు పెట్టారు. తండ్రి చాలా నొచ్చుకున్నాడు. అమ్మాయి నొచ్చుకోలేదు. “చేయించుకుంటాను. అబ్బాయి కూడా చేయించుకోవాలి. ఆళ్లదీ ఉద్దానమే కదా” అంది. డిగ్రీ చదివిన పిల్ల. ఇద్దరూ చేయించుకున్నారు, ఇద్దరికీ బాగానే ఉంది. ఇది రాస్తున్నప్పటికి మాటలు సాగుతున్నాయి, ముహూర్తం ఇంకా పెట్టలేదు.

మందిరంలో ఏం జరిగిందో చెప్పాలి. మన దగ్గర సాక్ష్యం అంటే గెలిచాక చెప్పేది. జబ్బు తగ్గాక, అప్పు తీరాక, ఉద్యోగం వచ్చాక. ఆయన మధ్యలోనే లేచాడు. “నాకు జబ్బుంది. తగ్గలేదు. రాత్రిళ్లు భయమేస్తంది. మీకందరికీ భయపడకండని చెప్పినోణ్ణి నానే. ఇప్పుడు నాకోసం మీరు ప్రార్థన చెయ్యండి.” మందిరం నిశ్శబ్దమైపోయింది. తర్వాత వెనక వరసలో ఉన్న ఒక పెద్దావిడ లేచి, తనకు ఏడాది క్రితమే తెలిసిందనీ, కొడుకులకు కూడా చెప్పలేదనీ అంది. ఆరాధన అయ్యాక మరికొందరు నా దగ్గరికి వచ్చి, పరీక్షకు ఎప్పుడు వెళ్దాం అయ్యగారూ అని మెల్లగా అడిగారు.

అందరూ ఒప్పుకోలేదు. ఇంకో సంఘ పెద్ద, వయసులో ఈయనకన్నా పెద్ద, నాతో నేరుగానే అన్నారు: “కాపరులే వణికితే గొర్రెల మంద ఏం కాను?” ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కొత్తగా నమ్మినవాళ్లు చెదిరిపోతారని ఆయన భయం. దానికి నేను చెప్పింది ఒకటే. కీర్తనల్లో ఎన్నో మొరలున్నాయి, 88వది చీకటి మాటతోనే ముగుస్తుంది, అయినా వాటిని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. పునరుత్థానం రోజు సాయంత్రం శిష్యులు భయంతో తలుపులు మూసుకుని ఉన్నారు, ప్రభువు ఆ గదిలోకే వచ్చి మీకు సమాధానం (శాంతి) అన్నాడు, తలుపు తీశాకే వస్తానని అనలేదు. ఆ పెద్దాయన ఇంకా పూర్తిగా సమ్మతించలేదు. మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం.

సంఘంగా కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాం. పరీక్షకు వెళ్లే ఎవరితోనైనా ఒక తోడు వెళ్తారు. రిపోర్టు సంగతి ఆ మనిషి చెప్పమంటే తప్ప ప్రార్థన మనవిలో కూడా చదవం. పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇళ్లలో ఈ జాగ్రత్త ప్రాణం లాంటిది. డయాలసిస్‌లో ఉన్నవాళ్ల ఇళ్లకు స్త్రీల సమాజం అక్కలు వంతులవారీగా వెళ్తారు, ప్రార్థనకన్నా ముందు ఇంటావిడను కాసేపు పడుకోనిస్తారు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వమిచ్చే నెలకు 10,000 రూపాయల పింఛనుకు కాగితాలు రాసిపెట్టే పని యువకులు తీసుకున్నారు. ఎండాకాలం కూలికి వెళ్లేవాళ్లు తెల్లవారుజామునే పని మొదలుపెట్టి పదకొండుకు దిగిపోయేలా తోట యజమానులతో మాట్లాడాం. కొందరు ఒప్పుకున్నారు.

మూడు నెలల పరీక్షలో క్రియాటినిన్ 2.0 వచ్చింది. జబ్బు ఉన్నట్టు ఖాయమైంది, పెరగలేదని కూడా తెలిసింది. ఆందోళన పత్రంలో 15 ఇప్పుడు 8. రాత్రి మెలకువ ఇంకా వస్తోంది, కానీ పెరట్లో ఒంటరిగా తిరగడం మానేసి భార్యను లేపుతున్నాడు. ఇంటింటి ప్రార్థనలకు మళ్లీ వెళ్తున్నాడు. అక్కడ ఇప్పుడు ముందు, భయమేస్తోందా అని అడుగుతున్నాడు, అవునంటే నాకూ వేస్తుందని చెప్పి అప్పుడు ప్రార్థిస్తున్నాడు. వచ్చే పరీక్షకు తోడుగా నేను కాదు, శిబిరానికి రాకుండా ఆయనలాగే తోటలో దాక్కున్న ఇంకో యువకుడు వెళ్తున్నాడు. అతను కూడా ఆ రోజే పరీక్షకు రక్తం ఇస్తాడు.